అమెరికా క్యాంపస్ నిరసనల వార్తలు: ఇరుపక్షాలూ తిట్టినంత మాత్రాన మీడియా మధ్యలో ఉన్నట్టేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. 2024 ఏప్రిల్, మే నెలల్లో అమెరికా యూనివర్సిటీల్లో పాలస్తీనాకు మద్దతుగా జరిగిన విద్యార్థి నిరసనల వార్తల మీద మీరు జర్నలిజం పీజీ ప్రాజెక్టు చేస్తున్నారు. మీడియా ఇజ్రాయెల్ పక్షమని నిరసనకారులు అంటున్నారు. మా భయాన్ని మీడియా పట్టించుకోలేదని చాలామంది యూదు విద్యార్థులు అంటున్నారు. తెలుగు మీడియాను కూడా ప్రాజెక్టులో కలుపుతానన్నారు. ‘ఇద్దరూ తిడుతున్నారంటే మీడియా మధ్యలో ఉన్నట్టే కదా? కాదంటే కొలిచేది ఎలా?’ అని అడిగారు.

కాదండీ. ఇద్దరూ తిట్టడం నిష్పాక్షికతకు రుజువు కాదు. ఇద్దరూ మాట్లాడేది ఒకే వార్త గురించి కాదు కాబట్టి రెండు ఫిర్యాదులూ నిజమే కావచ్చు. ఆ రెండు నెలల్లో పెద్ద పత్రికలు, వార్తా ఏజెన్సీలు పచ్చి అబద్ధాలు రాయడం నేను చూసినంతలో తక్కువే. తేడా వేరే చోట వచ్చింది: వార్త ఏ రోజు మొదలైంది, అందులో మొదటి మాట ఎవరిది, అసలు సంగతి తేలాక దానికి ఎంత చోటిచ్చారు. విశేషణాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఇది దొరకదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చాలా ఏళ్లు చూశాను, ఇప్పుడు జర్నలిజం విద్యార్థులకు క్లాసులు చెబుతున్నాను. అమెరికా వెళ్లి రిపోర్టింగ్ చేసినవాణ్ని కాదు. కాబట్టి ఇదంతా డెస్కులో కూర్చుని ఏజెన్సీ కాపీ, అంటే ఏజెన్సీలు పంపే వార్త, దిద్దినవాడి కోణం.

వార్త పోలీసులు వచ్చాకే ఎందుకు మొదలవుతుంది

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో నిరసనకారుల టెంట్లు వెలిసింది ఏప్రిల్ 17 తెల్లవారుజామున. క్యాంపస్‌లో యూదు విద్వేషం మీద యూనివర్సిటీ అప్పటి అధ్యక్షురాలు మినూష్ షఫీక్ వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ కమిటీ ముందు సమాధానాలు చెప్పుకుంటున్నది కూడా ఆ రోజే. మర్నాడు న్యూయార్క్ పోలీసులు లోపలికి వచ్చి వందమందికి పైగా విద్యార్థులను పట్టుకెళ్లారు. ప్రపంచంలో చాలా డెస్కులకు ఈ కథ మొదలైంది ఈ అరెస్టులతోనే.

నిజానికి అంతకు ఐదు నెలల ముందే, 2023 నవంబర్‌లో, కొలంబియా రెండు విద్యార్థి సంఘాలను సస్పెండ్ చేసింది. అందులో ఒకటి పాలస్తీనా హక్కుల సంఘం, రెండోది గాజా యుద్ధాన్ని వ్యతిరేకించే యూదుల సంఘం. విద్యార్థుల ప్రధాన డిమాండూ స్పష్టంగానే ఉంది. యూనివర్సిటీ నిధి అప్పటికి దాదాపు 1,360 కోట్ల డాలర్లు. అందులో ఏ కంపెనీల్లో ఎంత పెట్టారో బయటపెట్టాలి, ఇజ్రాయెల్ సైనిక చర్యతో లాభపడుతున్న కంపెనీల నుంచి ఆ డబ్బు వెనక్కి తీసుకోవాలి. అది సమంజసమా, కాదా అన్నది వేరే చర్చ. ఆ డిమాండ్ ఏమిటో మూడో పేరాలోపు చెప్పకుండా నిరసన వార్త రాస్తే పాఠకుడికి మిగిలేది టెంట్లు, లాఠీలు, నినాదాలే.

క్లాసులో నేనొక పని చేయిస్తాను. ఒకే రోజు వచ్చిన నాలుగైదు కథనాలు ఇచ్చి, పోలీసుల మాట ఎర్ర పెన్నుతో, యూనివర్సిటీ మాట నీలం పెన్నుతో, రాజకీయ నాయకుల మాట నల్ల పెన్నుతో, విద్యార్థుల మాట ఆకుపచ్చతో గీయమంటాను. చాలా కథనాల్లో ఆకుపచ్చ గీత మొదటి సగంలో కనబడదు. కనబడినా అది నినాదమే తప్ప పూర్తి వాక్యం కాదు. పోలీసులకు ప్రెస్‌మీట్ ఉంటుంది, యూనివర్సిటీకి ప్రకటన రాసిపెట్టే విభాగం ఉంటుంది, మేయర్‌కు మైకు ఉంటుంది. విద్యార్థులేమో భవిష్యత్తు ఏమవుతుందోనని పేరు చెప్పడానికే జంకుతారు. విలేకరికి దురుద్దేశం ఏమీ లేకపోయినా కాపీ ఒక వైపు ఒరిగేది ఇలాగే.

చరిత్ర వాడుకునే తీరు చూసినా తెలుస్తుంది. ఏప్రిల్ 30 రాత్రి, నిరసనకారులు ఆక్రమించిన కొలంబియా భవనం హామిల్టన్ హాల్‌లోకి పోలీసులు ప్రవేశించగానే అందరూ 1968 విద్యార్థి నిరసనలను గుర్తుచేశారు. నిజమే, అప్పుడూ పోలీసులు కొలంబియాలోకి దిగింది ఏప్రిల్ 30నే. మరి 1985? దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీల నుంచి పెట్టుబడులు తీసేయమని విద్యార్థులు ఇదే హామిల్టన్ హాల్ తలుపులకు గొలుసులు వేసి మూడు వారాలు బైఠాయించారు. ఆ తర్వాత యూనివర్సిటీ ఆ పెట్టుబడులు వదులుకుంది. 2024 డిమాండ్‌కు దగ్గరి పోలిక ఇదే. 1968కి లాఠీచార్జి ఫొటోలున్నాయి, 1985కి ఆ స్థాయివి లేవు. అందుకే 1968 బాక్స్ ఐటం అయింది, 1985 చివరి పేరాలో ఒక వాక్యంగా మిగిలింది.

రెండు ఘటనలు, ఒకే హెడ్డింగ్

మీ ప్రాజెక్టుకు ఒక్క రోజును ఎంచుకోమంటే మే 1 ఎంచుకోమంటాను. మన కాలమానం ప్రకారం ఆ ఉదయం ఆరున్నర ప్రాంతంలో న్యూయార్క్ పోలీసులు హామిల్టన్ హాల్‌లోకి వెళ్లారు. పదకొండున్నర ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో నిరసనకారుల టెంట్ల శిబిరం మీద దాడి మొదలైంది. రెండు వార్తలూ డెస్కుకు ఒకే షిఫ్టులో చేరాయి. రెండింటినీ కలిపేసి ‘అమెరికా వర్సిటీల్లో ఘర్షణలు’ అని పెట్టేయాలనిపిస్తుంది. చోటు కలిసొస్తుంది, పేజీ తొందరగా వెళ్లిపోతుంది.

కానీ అవి పూర్తిగా వేర్వేరు ఘటనలు. కొలంబియాలో నిరసనకారులు భవనాన్ని ఆక్రమించారు. కిటికీ అద్దాలు పగలగొట్టారు, తలుపులకు అడ్డంగా బల్లలు, కుర్చీలు పేర్చారు. పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. యూసీఎల్ఏలో జరిగింది అది కాదు. నిరసనను వ్యతిరేకించే గుంపు శిబిరం మీదికి వచ్చి అడ్డుగా పెట్టిన బోర్డులు పీకి, కర్రలతో కొట్టి, రసాయనాలు చల్లి, టపాసులు విసిరింది. పోలీసులు గంటల తరబడి జోక్యం చేసుకోలేదు. న్యూయార్క్ టైమ్స్ తర్వాత వందకు పైగా వీడియోలు పరిశీలించి, హింస దాదాపు ఐదు గంటల పాటు పెరుగుతూ తగ్గుతూ సాగిందని, దాన్ని రేపింది శిబిరాన్ని వ్యతిరేకించిన గుంపేనని తేల్చింది. తొలి గంటల్లో అనేక సంస్థలు, ఏజెన్సీలు వాడిన మాట మాత్రం ‘ఇరువర్గాల ఘర్షణ’.

తొలి గంటలో ఆ మాట వాడితే నేను తప్పుపట్టను. చీకట్లో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. మర్నాటికి తెలిసింది కదా! అయినా అదే మాట వారం తర్వాతి నేపథ్య పేరాల్లో కాపీ అవుతూ పోయిందంటే అది తొందరపాటు కాదు, బద్ధకం. ఇంకో విషయం కూడా చూడండి. దాడి జరిగిన మర్నాటి రాత్రి దాటాక, మే 2న, పోలీసులు శిబిరాన్నే ఎత్తేసి రెండువందల మందికి పైగా నిరసనకారులను అరెస్టు చేశారు. దాడి చేసిన గుంపులోంచి అరెస్టులు మొదలు కావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్న కథనాలు ఎన్ని ఉన్నాయో వెతకండి.

పోలీసు మాటను ఎంత దూరం నమ్మాలి

అప్పటి న్యూయార్క్ మేయర్ ఎరిక్ ఆడమ్స్, పోలీసు అధికారులు ‘బయటి నుంచి వచ్చిన రెచ్చగొట్టేవాళ్లు’ అన్న మాటను బాగా ప్రచారం చేశారు. తర్వాత పోలీసులే ఇచ్చిన లెక్క ప్రకారం కొలంబియా దగ్గర అరెస్టయినవారిలో సుమారు 29 శాతం, న్యూయార్క్‌లోనే ఉన్న సిటీ కాలేజీ దగ్గర సుమారు 60 శాతం ఆ సంస్థలకు సంబంధం లేనివారు. అంటే మేయర్ మాట పూర్తిగా కల్పన కాదు. కానీ కొలంబియాలో పదిమందిలో ఏడుగురు అక్కడివాళ్లే. రెండు క్యాంపస్‌లనూ కలిపి ‘దాదాపు సగం బయటివాళ్లే’ అని రాస్తే ఆ తేడా మాయమైపోతుంది. అంకె తప్పు కాదు, పాఠకుడికి అందిన చిత్రం తప్పు.

ఇంకో ఉదంతం. హామిల్టన్ హాల్ ఖాళీ చేయించిన మర్నాడు ఒక పోలీసు ఉన్నతాధికారి టీవీ స్టూడియోకు బరువైన గొలుసు పట్టుకొచ్చి, ఇది విద్యార్థులు తెచ్చుకునే సరుకు కాదని చెప్పాడు. అది సైకిల్‌కు తాళం వేసుకునే గొలుసు. అలాంటివాటిని విద్యార్థులకు కొలంబియా భద్రతా విభాగమే తగ్గింపు ధరకు అమ్ముతోందని వెంటనే బయటపడింది. మరో అధికారి లోపల దొరికిందంటూ ఉగ్రవాదం మీద ఒక పుస్తకాన్ని చూపించాడు. అది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన చిన్న పరిచయ పుస్తకం, కాలేజీ పిల్లల దగ్గర ఉండేదే. మరోపక్క ఆ రాత్రి భవనం లోపల ఒక పోలీసు తుపాకీ పొరపాటున పేలింది. ఎవరికీ గాయాలు కాలేదు. అధికారులు ఆ సంగతి తమంతట తాము చెప్పలేదు. దాన్ని మే 2న బయటపెట్టింది ‘ద సిటీ’ అనే స్థానిక వార్తాసంస్థ.

అందుకని పోలీసు మాట రాయొద్దని కాదు, రాయాలి. ‘పోలీసులు చెప్పారు’ అని రాయాలి, విలేకరి తన సొంత గొంతుతో చెప్పినట్టు రాయకూడదు. గొలుసు సంగతి మొదటి పేజీలో వేసినవాళ్లు సవరణను ఏ పేజీలో వేశారన్నదే నా గీటురాయి.

రెండో ఫిర్యాదులోనూ నిజం ఉంది

ఇక్కడ కొందరు మిత్రులకు నా మీద కోపం వస్తుందని తెలుసు. కానీ చెప్పాల్సిందే. కొలంబియాలో ఒక యూదు మతగురువు ఏప్రిల్ 21న విద్యార్థులకు సందేశం పంపి, పరిస్థితి చక్కబడేదాకా ఇళ్లకు వెళ్లడం మేలన్నారు. శిబిరం నాయకుల్లో ఒక విద్యార్థి అంతకు కొన్ని నెలల ముందు, జియోనిస్టులకు, అంటే యూదు దేశాన్ని సమర్థించేవాళ్లకు, బతికే అర్హత లేదన్న అర్థంలో మాట్లాడిన వీడియో ఆ వారంలోనే బయటికొచ్చింది. యూనివర్సిటీ ఆ విద్యార్థిని క్యాంపస్‌లోకి రానివ్వలేదు. యూదు విద్వేషం మీద కొలంబియా వేసుకున్న సొంత టాస్క్‌ఫోర్స్ ఆ ఆగస్టులో ఇచ్చిన నివేదికలో యూదు విద్యార్థులకు ఎదురైన అవమానాలు, వెలివేతలు వివరంగా ఉన్నాయి. యూసీఎల్ఏలో కొన్ని దారుల్లో యూదు విద్యార్థులను పోనివ్వని పరిస్థితిని యూనివర్సిటీ సహించకూడదని అదే నెలలో ఫెడరల్ జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. నిరసనల పట్ల సానుభూతితో రాసిన కొన్ని కథనాల్లో ఇవి ఒక్క వాక్యమైనా లేవు.

ఏసీఎల్ఈడీ అనే పరిశోధన సంస్థ ఏప్రిల్ 18 నుంచి మే 3 వరకు జరిగిన 553 క్యాంపస్ నిరసనలను పరిశీలించి, 97 శాతం చోట్ల తీవ్రమైన హింసగానీ ఆస్తి నష్టంగానీ జరగలేదని చెప్పింది. ఈ అంకె చాలా విలువైనది. టీవీ చూసి దేశమంతా తగలబడిపోతోందనుకున్నవాళ్లకు ఇది చూపించాలి. అయితే ఇది కొట్లాటను, విధ్వంసాన్ని కొలిచిన అంకె. ఒక యూదు అమ్మాయి తన మత చిహ్నం ఉన్న గొలుసును చొక్కాలోపల దాచుకుని లైబ్రరీకి నడిచిన సంగతి ఇందులో పడదు. అంకెను అది కొలిచిన దానికే వాడాలి.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. కొలంబియాలో అతి దారుణమైన నినాదాలు కొన్ని గేటు బయట, రోడ్డు మీద వినిపించాయి. అక్కడికి ఎవరైనా రావచ్చు. శిబిరం ఉన్నది గేటు లోపలి పచ్చిక మీద. యూనివర్సిటీ బయటి కెమెరాలను లోపలికి రానివ్వడం తగ్గించేసింది, దాంతో టీవీకి దొరికింది గేటు బయటి దృశ్యమే. ఏప్రిల్ 22న లోపలి శిబిరంలో యూదు విద్యార్థులు తమ పాస్ఓవర్ పండగ విందు జరుపుకున్నారు. ‘యూదు విద్యార్థులు ఒకవైపు, నిరసనకారులు ఇంకోవైపు’ అన్న చట్రంలో ఈ ఫొటో ఇమడదు. అందుకే చాలా చోట్ల పడలేదు. గేటు లోపలా, బయటా అన్న ఒక్క ముక్క రాసి ఉంటే రెండు పక్షాలకూ న్యాయం జరిగేది.

మా పత్రికలో అప్పట్లో ఒకే వారం రెండు రకాల ఫోన్లు వచ్చాయి. పాతబస్తీ నుంచి ఒక పాఠకుడు ‘దాడి చేసినవాళ్ల పేరెత్తకుండా ఘర్షణ అంటారేంటి?’ అన్నారు. న్యూజెర్సీ నుంచి ఒక తెలుగాయన ‘మా పక్కింటి యూదు కుర్రాడు కాలేజీకి వెళ్లడానికి భయపడుతున్నాడు, అది వార్త కాదా?’ అన్నారు. ఒకరి ఫిర్యాదు యూసీఎల్ఏ వార్త మీద, మరొకరిది కొలంబియా వార్త మీద. ఇద్దరి మాటా న్యాయమే. రెండింటినీ కలిపి సున్నా చేసేసి ‘మనం మధ్యలో ఉన్నాం’ అని సంబరపడటానికి అందులో ఏముంది?

ఫాలోఅప్ లేకపోవడమే అసలు జబ్బు

టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో ఏప్రిల్ 24న గుర్రాల మీద పోలీసులు దిగారు, 57 మందిని అరెస్టు చేశారు, ఒక టీవీ ఫొటోగ్రాఫర్‌నీ కిందపడేసి పట్టుకెళ్లారు. ప్రపంచమంతా చూసింది. ఆ 57 మంది మీద కేసులు నిలవవని స్థానిక ప్రాసిక్యూటర్ కొట్టేశారు. అది ఎంతమంది చూశారు? హామిల్టన్ హాల్‌లో పట్టుబడినవారిలో ఎక్కువమంది మీద కూడా జూన్‌లో కేసులు ఎత్తేశారు. అరెస్టు బ్యానర్ అయి, కేసు కొట్టివేత సింగిల్ కాలమ్ అయితే పాఠకుడి తలలో వాళ్లు నేరస్థులుగానే మిగిలిపోతారు. మన ఊళ్లో ధర్నాల వార్తల్లోనూ ఇదే జరుగుతుంది.

గొడవ లేకుండా ముగిసిన చోట్లు కూడా గాలికి పోయాయి. బ్రౌన్ యూనివర్సిటీ ఏప్రిల్ 30న విద్యార్థులతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడుల ఉపసంహరణ మీద పాలకమండలిలో ఓటింగ్ పెడతామన్నారు, పిల్లలు టెంట్లు తీసేశారు. అక్టోబర్‌లో పాలకమండలి ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. నార్త్‌వెస్టర్న్ కూడా చర్చలతోనే ఒప్పందానికి వచ్చింది. పోలీసులతో ఖాళీ చేయించిన యూనివర్సిటీలకు దక్కిన చోటుతో పోలిస్తే వీటికి దక్కింది చాలా తక్కువ.

ఇక కొలవడం గురించి

ఫలానా పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రాజెక్టులు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తాయి. కొంత పనికొస్తాయి. పదాల మీద సంస్థల లోపల ఆంక్షలుంటాయన్నది నిజం. న్యూయార్క్ టైమ్స్ తన విలేకరులకు ఇచ్చిన అంతర్గత సూచనల్లో ‘జాతి నిర్మూలన’, ‘ఆక్రమిత ప్రాంతం’ లాంటి మాటల వాడకాన్ని పరిమితం చేయమన్నట్టు 2024 ఏప్రిల్‌లో ‘ద ఇంటర్‌సెప్ట్’ అనే వార్తా వెబ్‌సైట్ బయటపెట్టింది. కచ్చితత్వం కోసమే అలా చెప్పామని పత్రిక సమర్థించుకుంది. కానీ యూసీఎల్ఏ మీద అంత పకడ్బందీ వీడియో పరిశోధన చేసిందీ ఆ పత్రికే. పదాల లెక్క చూసి సంస్థకు ముద్ర వేస్తే ఇలాంటివి జారిపోతాయి. సంస్థలను కాకుండా ఘటనలను తీసుకోండి. రెండో మూడో ఘటనలు చాలు. ఒక్కోదానికి మొదటి గంట, మర్నాడు, నెల తర్వాత వచ్చిన కథనాలను వరసగా పేర్చి, ఏ సమాచారం ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు ఎక్కింది, ఎక్కడ ఎక్కింది అని రాసుకోండి. సంపాదకీయాలను, టీవీ డిబేట్లను ఇందులో కలపొద్దు. అవి అభిప్రాయాలు, వాటిని కొలిచే తూకం వేరు.

పోల్చి చూడ్డానికి ఆధారం కావాలంటే విద్యార్థి మీడియా ఉంది. కొలంబియా స్పెక్టేటర్ పత్రిక, డబ్ల్యూకేసీఆర్ విద్యార్థి రేడియో, యూసీఎల్ఏ డైలీ బ్రూయిన్ విలేకరులు శిబిరాల దగ్గర మొదటి రోజు నుంచి ఉన్నారు. హామిల్టన్ హాల్ రాత్రి బయటి మీడియాకు లోపలి సంగతి అందించింది ఎక్కువగా వీళ్లే. విద్యార్థి విలేకరులను ఒక భవనంలోకి తోసి, బయటికొస్తే అరెస్టు చేస్తామన్నా ప్రసారం ఆపలేదు. డైలీ బ్రూయిన్ విలేకరులు నలుగురి మీద దాడి జరిగింది. పులిట్జర్ బోర్డు మే 2న ఈ విద్యార్థి విలేకరులను మెచ్చుకుంటూ ప్రత్యేక ప్రకటన ఇచ్చింది. వీళ్లు పెద్ద పత్రికల కంటే పవిత్రులని కాదు. పోలీసులు రాకముందే అక్కడ ఉన్నారు, క్లాసులో పక్కన కూర్చునేవాళ్లనే ఇంటర్వ్యూ చేశారు. తప్పు రాస్తే మర్నాడు కాంటీన్‌లోనే నిలదీస్తారు.

తెలుగు మీడియాను కూడా కలుపుతానన్నారు కదా, ఒక జాగ్రత్త. మన చానళ్లకు ఈ విషయం నిజంగా పట్టింది 2025 ఏప్రిల్‌లో, మన పిల్లల విద్యార్థి హోదాలు రద్దవుతున్నప్పుడు. అంతకుముందు నెలలోనే కొలంబియా నిరసనల్లో పాల్గొన్న మహమూద్ ఖలీల్‌ను, టఫ్ట్స్ యూనివర్సిటీ విద్యార్థి పత్రికలో వ్యాసం రాసినవారిలో ఒకరైన రుమేసా ఓజ్‌టర్క్‌ను నిర్బంధించారు. దాంతో ‘నిరసనల్లో పాల్గొంటే ఇంటికే’ అని రెండింటినీ ముడిపెట్టి స్క్రోలింగులు నడిచాయి. అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం ఏఐఎల్ఏ సేకరించిన 327 కేసుల్లో దాదాపు సగం భారతీయ విద్యార్థులవి. అందులో నిరసనల చరిత్ర ఉన్నవారు అతికొద్దిమంది. చాలామందికి ఉన్నది ట్రాఫిక్ ఉల్లంఘనల్లాంటి చిన్న పోలీసు రికార్డులు. ఖలీల్ కేసు వేరు, మన పిల్లల కేసులు వేరు. రెండూ కలిపేసరికి ఇక్కడి తల్లిదండ్రులకు అనవసర టెన్షన్, అక్కడి పిల్లలకు అసలు సమస్య ఏమిటో తెలియని అయోమయం.

వీడియోలు వాడేటట్టయితే 2016 జేఎన్‌యూ ఉదంతం ఒకసారి చదవండి. చానళ్లు తిప్పితిప్పి వేసిన నినాదాల వీడియోలను ఢిల్లీ ప్రభుత్వం మన హైదరాబాద్‌లోని ట్రూత్ ల్యాబ్స్ అనే ఫోరెన్సిక్ సంస్థకు పంపిస్తే వాటిలో కొన్ని మార్చినవని తేలింది. అప్పటికి జరగాల్సిన ప్రచారం జరిగిపోయింది.

ప్రాజెక్టుకు ముందుగా స్పెక్టేటర్ ఏప్రిల్ 17 నుంచి మే 1 వరకు, డైలీ బ్రూయిన్ ఏప్రిల్ 25 నుంచి మే 3 వరకు తేదీల వరసన చదివి, మీ సొంత కాలక్రమం ఒక షీట్‌లో రాసుకోండి. ఆ తర్వాతే ఏజెన్సీల, పెద్ద పత్రికల, మన తెలుగు పత్రికల క్లిప్పింగులు దాని పక్కన పెట్టండి. కథనాల పాత వెర్షన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలావరకు దొరుకుతాయి, హెడ్డింగ్ ఎప్పుడెప్పుడు మారిందో అక్కడ చూడొచ్చు. తెలుగు పత్రికలకైతే ఈ-పేపర్లే దిక్కు. మే 2 సంచికలు అన్ని ఎడిషన్లవీ తీసుకోండి, జిల్లా ఎడిషన్‌కూ సిటీ ఎడిషన్‌కూ మధ్య ఈ వార్త మారిపోయే అవకాశం ఉంది.